తల్లి పలక

అసిరమ్మకు దగ్గు మొదలయ్యేనాటికి ఆమె ట్రంకుపెట్టెలో నాలుగు తెల్ల చీటీలున్నాయి. ఏడాదికొకటి చొప్పున ఇచ్చినవి. నాలుగింటి మీదా ఒకటే మాట: ఊపిరి శుభ్రం. కింద సంతకం ఆమె ఆడపడుచు దమయంతిది.

ఆ సంతకం చూసుకునే అసిరమ్మ అయిదు నెలలపాటు దగ్గును లెక్కచెయ్యలేదు. పులిసిన మజ్జిగ అనుకుంది, ఎండుచేపల ఘాటు అనుకుంది. ఎవరైనా అడిగితే, "మన దమయంతి పలక పెట్టి సూసింది కదా, నా ఊపిరికేటీ లేదు" అనేది. సముద్రపు ఒడ్డున ఉన్న ఆ గెడ్డవానిపాలెంలో ఈ మాటకు ఎదురు చెప్పేవాళ్ళు లేరు. విశాఖపట్నంలో అంత పెద్ద ప్రయోగశాలలో పనిచేస్తున్నది తమ ఊరి ఆడపిల్లే మరి.

దగ్గులో నెత్తురు పడ్డ రోజున మొగుడు జగ్గారావు ఆమెను బస్సెక్కించి పట్నం తీసుకొచ్చాడు. స్కానింగు చేసిన డాక్టరు దమయంతిని పక్కకు పిలిచి, రెండు ఊపిరితిత్తులూ నిండిపోయాయని, ఎముకల్లోకి కూడా పాకిందని చెప్పాడు. నాలుగో దశ. నెలా, రెండు నెలలా అన్నది ఆయనా చెప్పలేకపోయాడు.

"పోయిన పుష్యమాసంలో నేనే చూశానండీ. పాలలా తెల్లగా ఉంది" అంది దమయంతి.

డాక్టరు ఫిల్ము ఆమె చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

పలక అంటే అరచేతిలో ఇమిడే గాజుబిళ్ళ. రెండు గాజుల మధ్య జిగురులాంటి పొర, ఆ పొరలో ప్రాణమున్న కణాలు. మనిషి ఊపిరితిత్తుల లోపలి గోడ నుంచి తీసి పెంచినవి. దాని మీద మూడుసార్లు నిండుగా ఊపిరి వదిలితే చాలు, లోపల ఆవగింజంత కేన్సరున్నా కణాలు పసిగట్టి నీలం తిరుగుతాయి. ఆ కణాలకు రోగమంటే ఏమిటో ఎవరూ నేర్పలేదు. ఆరేళ్ళపాటు శుభ్రమైన ఊపిరి మాత్రమే చూపించి పెంచారు. తల్లి ఒడిలో పెరిగిన పసిపిల్ల కొత్త మనిషి ఎత్తుకోగానే ఏడ్చినట్టు, తెలియని వాసన తగిలితే చాలు, అవి రంగు మారేవి.

అలా ఆరేళ్ళు పెంచినదాన్ని తల్లి పలక అనేవారు. ఉక్కు తలుపు వెనక, మనిషి ఒంటి వెచ్చదనంలో అది ఉండేది. రోజూ పొద్దున్నే దానికి ఆహారం పెట్టడం, దాని నుంచి చిటికెడు తీసి కొత్త పలకలకు వెయ్యడం దమయంతి పని. పాలకు తోడు వేసినట్టే. ప్రయోగశాలలో ఆడవాళ్ళు దాన్ని తోడు అనే పిలిచేవారు. ఆ ఒక్క తోడుతో లక్షల పలకలు పుట్టి ఊరూరికీ వెళ్ళాయి. అంతకుముందు ఈ రోగం బయటపడేసరికి పదిమందిలో ఎనిమిదిమందికి చెయ్యి దాటిపోయేది. పలక వచ్చాక బతికి బయటపడ్డవాళ్ళు పదకొండు వేలమంది. ఆ అంకె ప్రయోగశాల గుమ్మంలో పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. నెలనెలా మార్చేవారు.

* * *

ఆస్పత్రిలో నాలుగో రోజు దమయంతి వదిన పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. అసిరమ్మ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉంది. కళ్ళు మూసుకునే మాట్లాడింది.

"పొద్దున్న అత్తకి సుట్ట ఎవులు ముట్టించి ఇస్తన్నారో ఏటో. మా కోడలు గౌరి పురిటికెల్లి నెలయింది. మీ అన్నకి సేతకాదు. గుప్పుమని లాగీసి దగ్గుతాడు. నిప్పు ఒక పక్కే అంటుకుంటాది. అత్త నాలిక కాలిపోద్ది."

దమయంతి చేతిలో తొన అలాగే ఉండిపోయింది.

ఆ తీరంలో ముసలమ్మలు తాగేది అడ్డపొగ. చుట్టకు నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పెదవులు మూస్తారు. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదు, నెత్తిమీది గంపలో చేపల మీద నుసి రాలదు. అయితే నిప్పు చుట్టూ సమంగా కుదరాలి. ఒక పక్క రాజుకుని ఇంకో పక్క రాజుకోకపోతే నోరు కాలుతుంది. అందుకని కోడలు పొయ్యి దగ్గర కూర్చుని చుట్ట ముట్టించి, నిప్పు బయటివైపు ఉంచి నాలుగైదు దమ్ములు గట్టిగా లాగి, నిప్పు గుండ్రంగా కుదిరాక అత్త చేతికిస్తుంది. చేపల పులుసు ఎలా కాస్తుందన్నది తర్వాత, ముందు చుట్ట ఎలా ముట్టిస్తుందో చూసి కోడలి పనితనం చెప్పేవారు. సన్యాసమ్మకు, అంటే దమయంతి తల్లికి, రోజుకు పది చుట్టలు కావాలి.

"లోపలికి పీల్చేదానివా వదినా?"

"పీల్చకపోతే నిప్పెలా కుదురుతాదే? ఏటా పెశ్న?" అసిరమ్మ కళ్ళు తెరిచింది. "నీకు తెల్దేటి? నాను కాపరానికొచ్చిందాకా మీయమ్మకి నువ్వే కదా ముట్టించీదానివి. పదేల్ల గుంటవి. నాకు నేర్పినదీ నువ్వే."

"మరి తల్లి పలకకి ఊపిరి ఇచ్చినప్పుడు, కాగితంలో పొగ తాగుతావా అని ఉంటే లేదన్నావు?"

"నానేటి తాగుతాను! అత్తలు తాగుతారు గానీ కోడల్లు తాగుతారేటి?" అసిరమ్మకు నవ్వు వచ్చి దగ్గు పట్టుకుంది. దగ్గు తగ్గాక, ఊపిరి కూడదీసుకుని అంది. "అయినా నన్నడిగినావేటి నువ్వు? పక్కన కూకుని, నాను నోరిప్పకముందే లేదని రాసీసినావు."

నిజమే. ఆ కాగితంలో ప్రశ్నలు రాసింది దమయంతే. తల్లి పలకకు శుభ్రమైన ఊపిరి కావలసి వచ్చినప్పుడు, "పొగ జోలికి పోని మనుషులు నాకు తెలుసండీ. మా వైపు కోడళ్ళు ముట్టరు" అని మాటిచ్చిందీ ఆమే. నాలుగువందల పన్నెండు మందిని పోగుచేస్తే అందులో మూడువందల ముప్పై ఏడుగురు ఆ ఒడ్డు ఊళ్ళ కోడళ్ళే. పొద్దున లేచి పొయ్యి ముట్టించడంలాగే చుట్ట ముట్టించడం కూడా ఆమె కళ్ళకు పని. అది పొగ తాగడమని ఆమెకు ఏనాడూ తోచలేదు.

* * *

మూడు రోజులు దమయంతి వాళ్ళ పేర్లున్న పాత పుస్తకం ముందేసుకుని ఊరూరి ఆరోగ్య కార్యకర్తలకు ఫోన్లు చేసింది. ఊపిరి ఇచ్చిన ఆ మూడువందల ముప్పై ఏడుగురిలో తొమ్మిదిమంది చనిపోయారు. అందరిదీ దగ్గే. అందరి దగ్గరా తెల్ల చీటీలు ఉన్నాయి. కొందరి విషయంలో ఊపిరి ఇచ్చేనాటికే లోపల విత్తనం పడి ఉండాలి. తల్లి పలక వాళ్ళ పొగనీ, రోగాన్నీ కూడా శుభ్రమేననుకుని పుట్టింటి వాసనలాగే అలవాటు చేసుకుంది.

ప్రయోగశాల పెద్ద డాక్టర్ పరాంకుశం పుస్తకం మొత్తం చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. అరవై దాటిన మనిషి. ఒక్క సిగరెట్టు కూడా ఎరగని భార్య ఇదే రోగంతో పోతే, ఆ ఏడాదే ఈ పని మొదలుపెట్టాడు.

"మగవాళ్ళ విషయంలో తప్పు లేదు కదా?"

"లేదండీ. పొగ ఎక్కువ తాగేవాళ్ళ ఊపిరి వేరే. అక్కడ బాగానే పట్టుకుంటోంది. కొద్దికొద్దిగా పీల్చే ఆడవాళ్ళ దగ్గరే దానికి కళ్ళు లేవు."

"ఈ సంగతి బయటపెడితే ఏమవుతుందో చెప్పండి, దమయంతి గారూ."

"పలక అబద్ధమంటారు."

"అంటారు. అప్పుడు మగవాళ్ళూ రారు. గని కార్మికులు రారు, రిక్షా కార్మికులు రారు. కొత్త తల్లి పలకకు ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ అందరూ మళ్ళీ నాలుగో దశలోనే వస్తారు. వాళ్ళ చావులు ఎవరి పుస్తకంలో రాద్దాం?"

"చెప్పకపోతే పోయే ఆడవాళ్ళని ఎవరి పుస్తకంలో రాద్దామండీ?"

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. నెమ్మదిగా అన్నాడు. "ఇంకో దారి ఉంది. శుభ్రం నేర్పడానికి ఆరేళ్ళు. రోగం నేర్పడానికి నలభై రోజులు చాలు. రోగి ఒక్కరే కావాలి. రోజుకు ఆరుసార్లు, కొత్త కణాల మీద ఊపిరి వదలాలి. ఆక్సిజన్ తీసేసి. గొట్టంలో గాలి కలిస్తే పనికిరాదు." ఒక్క క్షణం ఆగాడు. "ఆ ఒడ్డు మనిషే కావాలి. ఆ పొగ, ఆ రోగం, రెండూ ఉన్న మనిషి. నలభై రోజులు ఆగండి. కొత్త పలక చేత్తో పట్టుకుని అప్పుడు అందరికీ చెబుదాం."

దమయంతి సరే అనలేదు, కాదని కూడా అనలేదు. మర్నాడు పొద్దున ఎప్పటిలాగే తల్లి పలకకు ఆహారం పెట్టింది. ఆ రోజు బయటికి వెళ్ళిన పెట్టెలో పన్నెండు వందల పలకలున్నాయి. పెట్టె మీద చిరునామా అంటించింది తనే.

* * *

"గొట్టం తీస్తే ఏటవుతాది?" అసిరమ్మ అడిగింది.

"ఆయాసం వస్తుంది. బాగా వస్తుంది."

"నా రోగం తగ్గుతాదా?"

"తగ్గదు వదినా. ఉన్న రోజులు ఇంకా తగ్గిపోవచ్చు."

"మీ డాట్రు అడగమన్నాడా, నువ్వే అడుగుతన్నావా?"

"నేనే."

"నిన్న కాక మొన్న ఏటీ లేదని సంతకం ఎట్టినావు. ఇయాల నా ఊపిరి పెట్టమంటన్నావు. సిగ్గు నేదేటే నీకు?"

"ఉంది. ఉండే అడుగుతున్నాను."

అసిరమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. జగ్గారావు వరండాలో చెల్లెలి మొహం చూడకుండా అటూ ఇటూ తిరిగాడు. "నువ్వేటి అడిగినావో నాకు తెల్దు గానీ, అదలా ఏడవడం నానెప్పుడూ సూళ్ళేదు" అని మాత్రం అన్నాడు.

తెల్లవారి దమయంతి వచ్చేసరికి అసిరమ్మ దిళ్ళకు ఆనుకుని కూర్చుని ఉంది.

"పుష్యంలో గౌరికి కూడా తెల్ల చీటీ ఇచ్చినావు కదా."

"ఇచ్చాను."

"నాకు ఒంట్లో బాగుండనప్పటినుంచీ, పురిటికెల్లీదాకా అదే ముట్టించింది అత్తకి. కడుపుతోటి." చెయ్యి చాపింది. "ఆ బిల్లేదో తే. ఇడ్లీ తిన్నాక నా వల్ల కాదు."

గొట్టం తీసి, వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి, పలక నోటి దగ్గర పట్టుకుంది దమయంతి. మొదటి ఊపిరి బాగానే వచ్చింది. రెండోది సగంలో తెగింది. మూడోదానికి అసిరమ్మ మెడ నరాలు తాళ్ళలా తేలాయి, పెదవులు నల్లబడ్డాయి. ఆమె ఆడపడుచు మణికట్టును గోళ్ళు దిగేలా పట్టుకుంది. గొట్టం మళ్ళీ పెట్టాక పావుగంటకు గానీ మాట రాలేదు.

"ఇంకా అయిదుసార్లా ఇయాల?"

"అయిదుసార్లు."

"నీ దుంప తెగ" అంది అసిరమ్మ.

అలా సాగింది. మధ్యాహ్నాలు ప్రయోగశాలలో దమయంతి ఒక గదిలో పాత తల్లి పలకకు ఆహారం పెట్టేది, పక్క గదిలో వదిన ఊపిరి పట్టుకొచ్చిన కొత్త పొరను వెచ్చటి పెట్టెలో ఉంచేది. మొదటి గదిలో పలకలు వందల లెక్కన పెట్టెల్లోకి సర్దుకునేవి. రెండో గదిలోది చిల్లర నాణెమంత ఉండేది. సాయంత్రం ఇంటికి వెళ్ళి బియ్యం కడిగి, కూర తరిగి, మళ్ళీ ఆస్పత్రికి వచ్చేది. రోజుకెంతమంది ఆడవాళ్ళకు తెల్ల చీటీలు వెళ్తున్నాయో ఆమెకు తెలుసు. ఆ లెక్క ఇంకెవరికీ చెప్పలేదు.

పద్దెనిమిదో రోజుకు ఆరుసార్లు నాలుగయ్యాయి. ఇరవై ఆరో రోజుకు రెండు. ఒకసారి పరాంకుశం వార్డుకు వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. అసిరమ్మ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసి, "మీరేనా డాట్రుగారు? కుర్సీలో కూకోండి. నాను ఊదినప్పుడు అందరూ నిలబడి సూస్తంటే నాకు సర్కస్‌లాగుంటాది" అంది. ఆయన కూర్చున్నాడు. ఆమె ఊపిరి వదిలినంతసేపూ తల ఎత్తలేదు. వెళ్తూ వెళ్తూ వరండాలో దమయంతితో, "చాలు, ఆపేద్దామా?" అన్నాడు.

"ఆ మాట ఆవిడనే అడగండి."

ఆయన అడగలేదు. దమయంతి కూడా అడగలేదు.

ముప్పై మూడో రోజు పొద్దున్న అసిరమ్మ పలక మీద ఒక ఊపిరి వదిలింది. రెండోది లోపలికి తీసుకుంది, బయటకు రాలేదు.

* * *

పదకొండో రోజున గెడ్డవానిపాలెంలో పెద్దకర్మ. వాకిట్లో పందిరి వేశారు. చుట్టుపక్కల పాలేల నుంచి ఆడవాళ్ళు వచ్చి వరసగా కూర్చున్నారు. దమయంతి పట్నం నుంచి ఒక చిన్న పెట్టె తెచ్చింది. అందులో వదిన ఊపిరి తోడుతో పుట్టిన అరవై పలకలున్నాయి. "నలభై రోజులు నిండలేదు. ఇంకో రోగిని చూసి మిగతావి పూర్తిచేద్దాం, అప్పటిదాకా పెదవి విప్పవద్దు" అన్నాడు పరాంకుశం. పెట్టె ఆయనకు చెప్పకుండానే తెచ్చింది.

భోజనాలు ముగిశాక ఆమె లేచి నిలబడింది.

"మీకు నేనిచ్చిన తెల్ల చీటీలు తప్పు" అంది. "చించెయ్యండి. ఇప్పటిదాకా ఆడవాళ్ళకి ఇచ్చిన తెల్ల చీటీలు ఏవీ నమ్మకండి. చుట్ట ముట్టించేవాళ్ళ రోగం ఆ పలకకి తెలియదు. తప్పు నాది. నేను మిమ్మల్ని అడగవలసిన మాట అడగలేదు."

పందిరిలోంచి చేపలు అమ్మే ఈశ్వరమ్మ నోరు చేసుకుంది. నలభై లోపు మనిషి, మాట కరుకు.

"మీ వదిన్ని సంపీసి, కరమ కూడు తిన్నాక సెప్తన్నావా? మళ్ళీ ఆ పెట్టెలో ఏటి తెచ్చినావు? ఇంకో రంగు సీటీలా?"

"కొత్త పలకలు. మా వదిన ఊపిరితో చేసినవి. ముట్టించినవాళ్ళు వచ్చి ఊదండి."

ఒక్కరూ కదల్లేదు. పక్కనే అత్తలున్నారు. నేను ముట్టించానని లేచి నిలబడటమంటే నా రోగానికి ఈవిడే కారణమని వేలు పెట్టి చూపించడమే. కోడళ్ళు తలలు వంచుకున్నారు. అత్తలు వీధివైపు చూస్తున్నారు.

అరుగు మీద సన్యాసమ్మ కూర్చుని ఉంది. ఎనభై రెండేళ్ళు. కోడలు పోయిన నాటి నుంచి మాట లేదు. ఇప్పుడు కర్ర పట్టుకుని లేచింది.

"ఒలే గౌరీ. పిల్లడ్ని దానికిచ్చి ఇలగ రా."

గౌరి నెలపిల్లాణ్ణి పక్కావిడ ఒళ్ళో పెట్టి వచ్చింది.

"ఈ గుంట నాకు ముట్టించింది. దీని అత్త ముప్పై రెండేల్లు ముట్టించింది. నా కూతురు పదేల్లప్పుడే ముట్టించింది. నాను మాయత్తకి ముట్టించినాను. ముట్టిస్తా ముట్టిస్తా నాకు రుసి తగిలింది, అలగే సుట్టకి మరిగీసినాను." ముసలమ్మ వరసలో ఉన్న అత్తలవైపు కర్ర చూపించింది. "మీరు మాత్రం పుట్టీటప్పుడే సుట్ట నోట్లో ఎట్టుకుని పుట్టీసినారేటే? సెప్పండి. మీ కోడల్లు ముట్టించనేదా? నా కోడలు నోరిప్పనేదు, దాన్ని నాను తినీసినాను. మీరూ తినీయండి."

గౌరి పలక తెల్లగా ఉంది. దమయంతి దాన్ని రెండుసార్లు వెలుతురుకు తిప్పి చూసింది. ఊపిరి శుభ్రం అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ మాట ఈ ఊళ్ళో ఇంతకుముందు చాలాసార్లు అంది.

"తెల్లగానే ఉంది కదా" అని వెటకారంగా నవ్వింది ఈశ్వరమ్మ. "తెల్లది మాకు కొత్తా? నాకూ ఇచ్చినావు మూడు. తే, నానూ ఊదుతాను, నాలుగోది కూడా ఎట్టుకుంటాను."

ముందుకొచ్చి, నడుం మీద చెయ్యి వేసుకుని, మూడుసార్లు బలంగా ఊదింది. చేపల గంప మోసే మనిషి, ఊపిరికి కొదవ లేదు. అందరూ చూస్తుండగా పలక అంచున సన్నగా గీతలా మొదలైన రంగు మెల్లగా మధ్యకు పాకింది. శంఖుపువ్వు రంగు.

ఈశ్వరమ్మ నడుం మీది చెయ్యి కిందికి జారింది. "ఇదేటి? నీలం వొస్తే మంచిదా, సెడ్డదా?"

దమయంతి ఆమె చెయ్యి పట్టుకుంది.

"చెడ్డదే తల్లీ. ఉంది. చిన్నదే కావచ్చు, నాకింకా తెలియదు. రేపు పొద్దున్న బస్సుకి నాతో ఆస్పత్రికి వస్తున్నావు."

ఈశ్వరమ్మ వెనక్కి తిరిగి తన అత్తను చూసింది. ముసలిది కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెల్లది చూసి నవ్వినవాళ్ళు నీలం చూసి నమ్మారు. పందిరి చివర ఒకామె లేచింది. ఆమె వెనక ఇద్దరు. తర్వాత వరస వాకిలి దాటి, ఆరబెట్టిన వలల పక్క నుంచి ఇసుకలోకి సాగింది. దమయంతి పెట్టెలోకి చూసింది. యాభై ఎనిమిది మిగిలాయి. వరసలో అంతకు రెట్టింపు మంది ఉన్నారు. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు.